కోనెం అమ్మిన పాపానికి

ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాట జోరు మీద ఉండగా జలీల్ భాయ్ వచ్చి గంగాలమ్మ ఎదురుగా నిలబడ్డాడు. ఓల్డ్ టౌన్‌లో వలలు, తాళ్లు అమ్మే షాపు అతనిది, తండ్రి పెట్టింది. వల కావాలంటే ఎంతటి బోటు ఓనరైనా అతని షాపుకి వెళ్లవలసిందే తప్ప అతను రేవులోకి రావడమంటూ ఉండదు. అలాంటి మనిషి ఇస్త్రీ చొక్కా మీద చేప నీళ్లు చిందుతున్నా లెక్కచేయకుండా గంపల మధ్య నుంచి దారి చేసుకుని వచ్చాడు.

"ఏం గంగాలమ్మా, ఇదేనా నీ మాట?" అంటూ జేబులోంచి చెక్కు తీసి ఆమె ముఖం ముందు ఆడించాడు. "వెనక్కొచ్చింది. చెల్లని చెక్కు ఇచ్చి వల పట్టుకెళ్లావు. నీ మీద నమ్మకంతో ఒక్క రూపాయి అడ్వాన్స్ కూడా అడగలేదు నేను."

పాట పాడుతున్నవాడు నోరు మూసుకున్నాడు. కానాగంత చేపల గుట్ట చుట్టూ మూగిన ఆడవాళ్లంతా ఇటు తిరిగారు.

గంగాలమ్మకి ముందు అర్థం కాలేదు. "వెనక్కి రావడవేటి భాయ్? డబ్బులున్నాయి కదా ఖాతాలో."

"ఉంటే ఎందుకు వస్తుంది?"

"ఉన్నాయంటే ఉన్నాయి! నాను అబద్దం సెప్తన్నానా?"

"అది నీ బ్యాంకుని అడుగు. నేను మా లాయర్ని అడుగుతాను." చెక్కు మళ్లీ జేబులో పెట్టుకుని జలీల్ వెళ్లిపోయాడు.

ఎండలోనూ వానలోనూ నిలబడి చేపలు అమ్ముకునే మనిషికి పరువు అనేది ఒంటి మీద చీరలాంటిది. గంగాలమ్మకి అక్కడ నడిబజారులో ఆ చీర ఎవరో లాగేసినట్టయింది. పక్కన కూర్చున్న రాధ, గంగాలమ్మని అక్క వరసతో పిలిచే వాళ్ల వీధి పిల్ల, "అప్పా, నువ్వు బేంకుకి ఎల్లు. నీ గంప నాను సూత్తాను" అంది. గంగాలమ్మ ఆ మాట కూడా పూర్తిగా వినలేదు. చీర కుచ్చెళ్లు ఎగదోపి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ అప్పటికే గేటు వైపు నడుస్తోంది.

బ్యాంకు మీద నమ్మకం ఆమెకి మొదటి నుంచీ ఉన్నది కాదు. ఒకప్పుడు వాళ్ల వీధి ఆడవాళ్లంతా చీటీల మనిషి దగ్గర దాచుకునేవాళ్లు. అతను ఒక రోజు తెల్లారేసరికి ఇంటికి తాళం వేసి, పెళ్లాం పిల్లలతో సహా మాయమయ్యాడు. ఆ చీటీ డబ్బుతో ఫైబర్ బోటుకి కొత్త మోటారు కొందామనుకున్న గంగాలమ్మ మొగుడు ఎల్లాజీ అరుగు మీద కూర్చుని బీడీలు కాల్చాడే తప్ప నోరెత్తలేదు. గంగాలమ్మ మాత్రం ఆ తాళం వేసిన ఇంటి ముందుకి రోజూ వెళ్లి తిట్టి వచ్చేది. వినేవాడు లేడని తెలిసీ తిట్టింది. ఆ తర్వాత బ్యాంకువాళ్లు పేటలో టెంటు వేసుకుని ఖాతాలు తెరుస్తామని వచ్చినప్పుడు అందరికన్నా ముందు వెళ్లింది ఆమే. సంతకం నేర్చుకుంది. మిగతా ఆడవాళ్లని ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. "ఆడు పారిపోయినాడు గానీ బేంకు ఎక్కడికి పారిపోద్దే?" అనేది. రాధ చేత ఖాతా తెరిపించింది ఆమే. ఫోన్‌తో డబ్బు కొట్టే స్టిక్కర్లు వచ్చినప్పుడు ఐసు పెట్టె మూత మీద మొట్టమొదట అంటించుకున్నదీ ఆమే. చిల్లర గొడవ లేదు, దొంగనోటు భయం లేదు, డబ్బు తిన్నగా ఖాతాలో పడిపోతుంది.

బ్యాంకులో మేనేజరు సాయిశంకర్ కుర్రవాడు, మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు. కంప్యూటర్లో చూసి, గొంతు తగ్గించి, "మీ ఖాతా ఫ్రీజ్ అయిందమ్మా" అన్నాడు.

"ఫ్రీజంటే?"

"డబ్బు లోపలికి వస్తుంది. బయటికి వెళ్లదు. చెక్కు వేసినా, ఫోన్‌తో కొట్టినా, ఏటీఎంలో పెట్టినా రాదు."

"ఎవుడు ఆపినాడు?"

"మేం కాదమ్మా. సైబర్ పోలీసులు. ఇక్కడివాళ్లు కూడా కాదు, ఉత్తరాదిలో ఎక్కడో. అక్కడ ఒక పెద్దాయన్ని ఫోన్‌లో బెదిరించి బోలెడు డబ్బు లాగేశారట. ఆ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి, అక్కణ్ణుంచి ఇంకో దానికి చేతులు మారుతూ వచ్చింది. అందులో ఒక ముక్క మీ ఖాతాలో పడింది." తెర ఆమె వైపు తిప్పాడు. "ఇదిగో. ఉమామహేష్ అనే పేరు మీంచి వచ్చింది."

గంగాలమ్మకి చప్పున గుర్తొచ్చింది. సబ్బవరంలో వంటల కాంట్రాక్టరు. గృహప్రవేశం భోజనాలకని పెద్ద పెద్ద కోనెం చేపలు ఏరుకుని, ముక్కలు కోయించుకుని, ఐసు వేయించుకుని వెళ్లాడు. బేరం కూడా సరిగ్గా ఆడలేదు.

"నాను కోనెం అమ్మినాను బాబూ. సేపట్టుకెళ్లాడు, డబ్బు కొట్టాడు. అందులో నా తప్పేటుంది?"

"మీ తప్పని ఎవరూ అనట్లేదమ్మా."

"అనకపోతే మరెందుకు ఆపినారు? సర్లే. ఆ కోనెం డబ్బే కదా తగువు. అది అట్టిపెట్టు. మిగిలిందంతా నా సొమ్ము, నా మొగుడు సముద్రంలో పడి తెచ్చిన సొమ్ము. అదియ్యి."

"అలా కుదరదమ్మా. సిస్టమ్‌లో మొత్తం ఖాతా ఆగిపోయింది. సిస్టమ్ ఒప్పుకోదు."

"సిస్టమంటే ఎవుడు? పిలు ఆణ్ణి. నాను మాట్లాడతాను."

సాయిశంకర్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు. ఒక చీటీ మీద ఏదో ఈమెయిల్ అడ్రసు రాసి ఇచ్చాడు. "ఆ పోలీసులకి మెయిల్ పెట్టండి. వాళ్లు అభ్యంతరం లేదని రాస్తే మేం వెంటనే తెరుస్తాం."

"నాకు సంతకం ఒక్కటే వొచ్చు బాబూ."

"ఎవరిచేతైనా పెట్టించండి." అంతలో ఫోను మోగితే, చెయ్యి అడ్డం పెట్టి, "నెక్స్ట్" అన్నట్టు తలుపు వైపు చూశాడు.

బయటికి వచ్చి ఆ చీటీ కొంగుకి ముడి వేసుకుంది. పారిపోయిన చీటీల మనిషినైనా దొంగా అని తిట్టగలిగింది. ఇక్కడ గాజు తలుపు వెనక, ఏసీ చల్లదనంలో, తన డబ్బు కళ్లముందు అంకెల్లో చూపించి మరీ ఇవ్వనంటున్నారు. ఇవ్వనివాడు తాను కాదంటున్నాడు. ఎవరని అడిగితే చీటీ చేతిలో పెట్టాడు.

ఆ మధ్యాహ్నమే ఆమె వలని ఆటోలో వేయించింది. ఎల్లాజీ అడ్డం పడ్డాడు. "ఏటే, పిచ్చెక్కిందా? కానాగంతల రోజులు. ఇప్పుడు వల లేకపోతే బోటు ఒడ్డున ఎండబెట్టుకోవాల."

"ఎండనీ. డబ్బియ్యని వల నా ఇంట్లో ఉండకూడదు."

"భాయ్ ఆగుతాడే, నాను ఎల్లి సెప్తాను."

"ఆగక్కర్లేదు! నలుగుర్లో దొంగ సెక్కు అన్నాడు. ఆ మాట అన్నాక నాను ఆడి వల మీద బతకాలా?"

జలీల్ షాపు ముందు వలని దింపించి, గడప మీద పెట్టించి, అతను ఏదో అనబోతుంటే వినకుండా అదే ఆటోలో వెనక్కి వచ్చేసింది. మర్నాటి నుంచి ఎల్లాజీ తన బోటు ఒడ్డున కట్టేసి, వేరేవాళ్ల బోటులో కూలికి వెళ్లాడు. సొంత బోటున్న మనిషి ఇంకొకడి బోటులో తాడు లాగడం ఎంత చిన్నతనమో పేటలో చంటిపిల్లకి కూడా తెలుసు. అతను ఏమీ అనలేదు. అనకపోవడం చూసి ఆమెకి ఇంకా మండింది.

ఆ మంటతోనే సబ్బవరం బస్సెక్కింది. దారి పొడుగునా ఉమామహేష్‌ని ఏమని తిట్టాలో, ఎక్కడ కొట్టాలో అనుకుంటూనే ఉంది. దొంగసొమ్ము తెచ్చి తన నెత్తిన రుద్దాడు. నవ్వుతూ బేరం ఆడకుండా కొన్నప్పుడే అనుమానించాల్సింది.

కొత్త కాలనీ వెనక రేకుల షెడ్డులో ఉంటుంది అతని వంటశాల. గంగాలమ్మ వెళ్లేసరికి పెద్ద పెద్ద గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి. పొయ్యిలు చల్లగా ఉన్నాయి. బనీనుతో కూర్చుని ఎవరినో ఫోన్‌లో బతిమాలుతున్న ఉమామహేష్ ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు. ఆమె చెయ్యి ఎత్తింది కూడా.

"అత్తా, నీదీ ఆపేసినారా?" అన్నాడు అతను.

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

అతనికి ఆ డబ్బు కొట్టినవాడు గృహప్రవేశం చేసుకున్న ఇంటాయన. కొత్తగా వచ్చినవాడు, బాగా మాట్లాడేవాడు, వంద మందికి భోజనాలు చెప్పి డబ్బంతా ముందే ఫోన్‌తో పంపాడు. తర్వాత తెలిసింది, అది అద్దె ఇల్లని. ఇప్పుడు ఇల్లు ఖాళీ, ఫోను స్విచ్చాఫ్. అన్నం తిన్న జనం ఎవరో, అసలు ఎందుకు పిలిచాడో, ఏమీ తెలియదు.

"నా ఖాతా నీకన్నా ముందే ఆపేసినారు అత్తా. వంటోళ్లకి కూలీ ఇవ్వలేకపోతన్నాను. గ్యాసు లేదు. ఒప్పుకున్న పెళ్లి వంట వొదిలేసినాను. నువ్వు నన్ను తిడతావు, మావాళ్లు నన్ను తిడతారు. నాను ఎవుణ్ణి తిట్టాల?"

గంగాలమ్మ కాసేపు అతని బోర్లించిన గిన్నెల వైపు చూసింది. కొడదామని వచ్చిన మనిషిని కొట్టలేకపోతే ఆ కోపం ఎక్కడికి పోతుంది? లోపలే తిరుగుతుంది. "కూకో. నిన్నేటంటాను" అని, మంచినీళ్లు కూడా తాగకుండా తిరుగు బస్సెక్కింది.

ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో జలీల్ భాయ్ నిలబడి ఉన్నాడు. పక్కన నల్లకోటు చేతి మీద వేసుకున్న అమ్మాయి. ఎల్లాజీ వాళ్లని కూర్చోబెట్టడానికి ప్లాస్టిక్ కుర్చీ తుడుస్తున్నాడు.

"గొడవకి రాలేదు గంగాలమ్మా," అన్నాడు జలీల్ ముందే. "మా చెల్లెలి కూతురు, హీనా. లాయరు. నీకు నోటీసు పంపమని దీని దగ్గరికే వెళ్లాను. అరె, ఇదేమో నన్నే తిట్టింది."

హీనా నవ్వలేదు. "మామూ చదవకుండానే మీ మీదకి వచ్చేశాడు ఆంటీ. చెక్కు వెనక్కి వస్తే ఎందుకు వచ్చిందో బ్యాంకు రాసి ఇస్తుంది. డబ్బు చాలలేదని రాయలేదు ఇందులో. ఖాతా ఆపేశారని రాసింది. డబ్బు ఉంచుకుని ఇవ్వనిది బ్యాంకు. మిమ్మల్ని చెల్లని చెక్కు ఇచ్చారని కోర్టుకి లాగడం న్యాయం కాదు."

జలీల్ తల దించుకుని చెప్పులు చూసుకున్నాడు. "అందరి ముందు అన్నాను. తప్పే."

"అందరి ముందు అన్నావు భాయ్. ఇక్కడ మా ఇంట్లో తప్పంటే ఎవుడికి తెలుస్తాది?" అంది గంగాలమ్మ.

ఆ మాట అక్కడితో వదిలేసింది. జరిగిందంతా హీనాకి చెప్పింది. సబ్బవరం సంగతి కూడా చెప్పింది. హీనా మధ్యలో ఒకే ఒక్క ప్రశ్న వేసింది: పోలీసులు ఆపమన్నది ఎంత అని మేనేజరు చెప్పాడా?

"కోనెం డబ్బు అన్నాడు. ఆ ముక్కే అన్నాడు."

"మరి మొత్తం ఎందుకు ఆపారు?"

"సిస్టమంట."

హీనా పెదవి కొరుక్కుంది. తగువులో ఉన్న సొమ్ము వరకే పక్కన పెట్టాలి గానీ, దాన్ని సాకుగా పెట్టుకుని మనిషి మొత్తం సొమ్ముని కట్టేయడం సరికాదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయంది. పోలీసులు ఏం రాశారో, ఎంతకి రాశారో ఆ కాగితం చూపించమని అడిగే హక్కు గంగాలమ్మకి ఉందంది. "ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇద్దాం. జవాబు చెప్పకపోతే అంబుడ్స్‌మన్ ఉన్నాడు, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి. అక్కడా ఆలస్యమైతే హైకోర్టు."

"నీకు ఫీజు ఇవ్వడానికి నా దగ్గర డబ్బు బేంకులోనే ఉన్నాదమ్మా."

"అందుకే కదా ఆంటీ వేసేది కేసు."

ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్లిన రోజు సాయిశంకర్ దాన్ని తీసుకోనన్నాడు. వెబ్‌సైట్లో పెట్టమన్నాడు. తీసుకున్నట్టు స్టాంపు వేసే వరకు కదలనని గంగాలమ్మ కౌంటరు ముందు నేల మీద చతికిలబడింది. సెక్యూరిటీ మనిషి వచ్చి, "అమ్మా, కస్టమర్లు వస్తారు, లెగు" అన్నాడు. "నాను కస్టమర్ని కాదేటి? మీ గోడ మీద బొమ్మలో నవ్వుతున్న ఆడదేనా కస్టమరంటే?" అంది. వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. అప్పుడు స్టాంపు పడింది.

స్టాంపు పడింది గానీ జవాబు రాలేదు. పోలీసులకి హీనా పెట్టిన మెయిళ్లకీ రాలేదు. ఫోన్ చేస్తే ఎవరో ఎత్తి, హిందీలో ఒక నిమిషం ఆగమని, ఆ నిమిషం ఎప్పటికీ అవకుండా వదిలేసేవాడు.

ఈలోపు పేటలో కథ వేరే నడిచింది. గంగాలమ్మ ఖాతానే కట్టేశారంటే మనదెంత అనుకుని ఆడవాళ్లంతా బ్యాంకుకి వెళ్లి ఉన్నదంతా తీసేసుకున్నారు. రాధ కూడా. బియ్యం డబ్బాలో, గుడ్డమూటలో, అటక మీద పెట్టుకున్నారు. ఐసు పెట్టెల మీద స్టిక్కర్లు గోకేశారు. నోట్లయితేనే చేప అన్నారు. కాలేజీ పిల్లలు, ఆఫీసువాళ్లు ఫోను చూపించి, నోట్లు లేవని వెళ్లిపోయారు. బేరాలు తగ్గాయి.

ఒక పొద్దున్న రాధ హార్బర్‌కి రాలేదు. గంగాలమ్మ వాళ్ల ఇంటికి వెళ్లింది. రాధ వంటింట్లో గోడకి ఆనుకుని కూర్చుంది. పక్కన బియ్యం డబ్బా పడిపోయి ఉంది, బియ్యమంతా నేల మీద. దాచిన డబ్బు మొగుడు మోహన్ కనిపెట్టి పట్టుకుపోయాడు. ఎక్కడ తాగుతున్నాడో, ఎక్కడ ఆడుతున్నాడో తెలియదు.

"నీ మాట విని బేంకులో ఏసినాను అప్పా," అంది రాధ. "నీ సంగతి సూసి తీసేసినాను. ఏది నమ్మాల నాను?"

గంగాలమ్మ నేల మీది బియ్యం దోసిళ్లతో ఎత్తి డబ్బాలో పోయడం మొదలుపెట్టింది. రాధ ఏడ్చి ఉంటే ఓదార్చేది. రాధ ఏడవలేదు, అడిగింది. మోహన్ ఎలాంటివాడో అందరికీ తెలుసు. ఆ డబ్బు వాడి చేతికి అందకుండా ఇన్నాళ్లూ కాపాడింది ఆ బ్యాంకే. ఏసీ గదిలో మర్యాదగా మాట్లాడే ఆ కుర్రవాడికి, సిస్టమ్ ఒప్పుకోదన్న ఆ ఒక్క మాట ఎంతమంది ఇళ్లలో దూరిందో తెలుసా? తెలిస్తే మాత్రం?

ఆ సాయంత్రమే హీనా ఆఫీసుకి వెళ్లింది. "హైకోర్టు అన్నావు కదమ్మా. ఎయ్యి."

"అంబుడ్స్‌మన్ దగ్గర ఇంకా..."

"ఎయ్యి."

ఎల్లాజీ మళ్లీ వద్దన్నాడు. కోర్టుకి వెళ్తే ఇంకా తగులుకుంటుందని, పోలీసులు ఇంటికొస్తారని అతని భయం. "పోన్లేయే. ఎప్పుడో ఆళ్లే వొదుల్తారు. కూలి దొరుకుతోంది కదా."

"నీకు కూలి దొరికితే నువ్వు సల్లగుంటావు. నాను ఉండలేను."

అమరావతిలో ఉన్న లాయరు స్నేహితురాలి ద్వారా హీనా హైకోర్టులో రిట్ పిటిషన్ వేసింది. వాయిదా నాడు గంగాలమ్మ హార్బర్‌లోనే ఉంది. ఫోను రవికెలో పెట్టుకుని కూర్చుంది. మోగినప్పుడు చేతులకి పొలుసులు ఉన్నాయని కూడా చూసుకోలేదు. హీనా గబగబా చెప్పింది. కోర్టులో బ్యాంకు తరఫు లాయరే ఒప్పుకున్నాడట: పోలీసులు కోరింది ఆ కోనెం సొమ్ము మేరకే. మొత్తం ఖాతా ఆపింది బ్యాంకే, ముందుజాగ్రత్తకని. తగువు సొమ్ము పక్కన పెట్టి మిగతాది వెంటనే వదలమని జడ్జి ఆర్డరు వేశారట.

"ముందుజాగ్రత్త," అని గంగాలమ్మ ఆ మాటని పళ్ల మధ్య నమిలింది. "ఎవుడికి జాగ్రత్త?"

సంతోషం వస్తుందనుకుంది. రాలేదు. ఇన్నాళ్లూ ఎవరో కనపడని పోలీసు మీద, పేరు తెలియని ఊరి మీద కోపగించుకుంది. తన డబ్బుకి గొలుసు కట్టినవాడు తనకి కుర్చీ చూపించి కూర్చోమన్నవాడే.

బ్యాంకుకి ఒక్కతే వెళ్లలేదు. రాధని తీసుకెళ్లింది. వీధి ఆడవాళ్లు మరికొంతమంది వెనకాలే వచ్చారు, జలీల్ భాయ్, హీనా కూడా వచ్చారు. సాయిశంకర్ నవ్వుతూ ఎదురొచ్చాడు. "మీ పని అయిపోయిందమ్మా. ఖాతా తెరిచేశాం."

"పాస్‌బుక్ కొట్టియ్యి బాబూ ముందు."

కొట్టి ఇచ్చారు. చదవమని హీనా చేతికిచ్చింది. హీనా వేలితో చూసుకుంటూ వెళ్లి ఒక చోట ఆగింది. "చెక్కు వెనక్కి పంపినందుకు మీ దగ్గర జరిమానా తీసుకున్నారు ఆంటీ."

"ఎప్పుడు?"

"ఖాతా ఆపేసి ఉన్నప్పుడే."

గంగాలమ్మ ముందు వినబడనట్టు చూసింది. తర్వాత మేనేజరు వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. అందుకే బ్యాంకంతా విన్నది.

"డబ్బు బయటికి ఎల్లదన్నావు. సెక్కుకి ఎల్లదు, ఫోనుకి ఎల్లదు, నా సేతికి ఎల్లదు. మరి నీ సేతికి ఎలగ ఎల్లినాది బాబూ?"

సాయిశంకర్ ముఖం ఎర్రబడింది. "అది... ఆటోమేటిగ్గా కట్ అవుతుందమ్మా. సిస్టమ్..."

"ఆ సిస్టం నీకైతే తెరుచుకుంటాది, నాకైతే మూసుకుంటాది. నా డబ్బు నాకివ్వకండా ఆపింది నువ్వు. ఆపినందువల్ల ఈ భాయ్ సెక్కు తిరిగినాది. తిరిగినందుకు నాను దండుగ కట్టాల. ఇది నాయమేనా? నీ తల్లికైతే ఇలగే సేత్తావా?"

వరసలో నిలబడ్డ ఒక పెద్దాయన "అడుగమ్మా, అడుగు" అన్నాడు. కౌంటర్లలో వేళ్లు ఆగిపోయాయి. సాయిశంకర్ లోపలికి రమ్మన్నాడు, టీ తెప్పిస్తానన్నాడు. లోపలికి రానంది. బయటే, అందరి ముందే కావాలంది. ఆ జరిమానా వెనక్కి వెయ్యాలి. జలీల్ దగ్గర వాళ్ల బ్యాంకు తీసుకున్నదీ ఇవ్వాలి. ఖాతా ఆపింది బ్యాంకే, చెక్కు ఇచ్చిన మనిషి తప్పేమీ లేదని రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి.

"రాసివ్వడం నా చేతిలో లేదమ్మా, పై ఆఫీసు..."

"ఆపడం నీ సేతిలో ఉన్నాది కదా. ఇదీ ఉంటాది. ఉందో లేదో సూసుకో. నాను కూకుంటాను."

మళ్లీ నేల మీద కూర్చుంది. ఈసారి పక్కన రాధ కూర్చుంది. వీధి ఆడవాళ్లంతా కూర్చున్నారు. జలీల్ భాయ్ కాసేపు తటపటాయించి, జేబురుమాలు పరుచుకుని తానూ కూర్చున్నాడు. సెక్యూరిటీ మనిషి ఈసారి దగ్గరికి రాలేదు.

పై ఆఫీసుకి ఫోన్లు వెళ్లాయి. ఎవరితో ఏం మాట్లాడాడో గానీ, మధ్యాహ్నం భోజనాల వేళకి సాయిశంకర్ ఒక కాగితం తెచ్చి ఇచ్చాడు. క్షమించమనే మాట అందులో లేదు. చెక్కు తిరిగి రావడానికి ఖాతాదారు కారణం కాదని మాత్రం ఉంది. హీనా చదివి వినిపించింది. జరిమానా రెండూ వెనక్కి వేస్తామన్నారు.

జలీల్ ఆ కాగితం అందుకుని, "ఇది నేను చదవాల్సిన చోట చదువుతాను" అన్నాడు. మర్నాడు పొద్దున్నే వేలం పాట వేళకి మళ్లీ రేవులోకి వచ్చాడు. కానాగంతల గుట్ట మీద పాట ఆపించి, ఆ కాగితం పైకి చదివాడు. "ఆ రోజు ఇక్కడే దొంగ చెక్కు అన్నాను. తప్పు నాది" అన్నాడు. గంగాలమ్మ తల ఊపి, "సరేలే భాయ్, అడ్డం తప్పుకో. పాట సాగనీ" అంది. డబ్బు కట్టి తెచ్చుకున్న వల ఆ సాయంత్రమే తిరిగి బోటెక్కింది. అప్పటికి కానాగంతల రోజులు చాలా మట్టుకు అయిపోయాయి. ఎల్లాజీ సముద్రంలోకి వెళ్లి, సగం గంప కూడా నిండకుండా తిరిగొచ్చాడు. పోయిన ఆ రోజులు ఎవరి ఖాతాలో వేయాలో ఏ కోర్టూ చెప్పలేదు.

రాధ మళ్లీ ఖాతాలో డబ్బు వేసుకుంటోంది. గంగాలమ్మ వెయ్యమనలేదు, వద్దనలేదు. మోహన్ కన్నా బ్యాంకే నయమని రాధ తనంతట తాను అనుకుంది. గంగాలమ్మ కూడా తన డబ్బు తీసెయ్యలేదు. తీసి ఎక్కడ పెట్టుకోవాలి? వేరే దారి లేక వాళ్ల దగ్గరే ఉంచాల్సి రావడం ఆమెకి అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించే సంగతి. బ్యాంకు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఆమె నడక కాస్త జోరవుతుంది.

కోనెం సొమ్ము మాత్రం ఇంకా ఆగే ఉంది. దాన్ని విడిపించాలంటే ఆ ఉత్తరాది ఊరి కోర్టులో అర్జీ పెట్టుకోవాలి. హీనా అక్కడ ఒక లాయర్ని వెతికింది. ఖర్చులు చూస్తే ఆ సొమ్ముకి మించిపోయేలా ఉన్నాయి. వదిలేయడమే మంచిదని ఎల్లాజీ అన్నాడు, జలీల్ అన్నాడు, ఆఖరికి హీనా కూడా అంది.

"అక్కడ ఆ పెద్దాయన డబ్బు పోయినాది. పాపం, ఆయనకి దొరకాల," అంది గంగాలమ్మ. "కానీ ఆయన దగ్గర దోసినోడు వేరే. నాను సేప ఇచ్చి డబ్బు తీసుకున్నాను. ఆ సేప మళ్లీ నాకెవుడిత్తాడు? వొదిలేత్తే నాను దొంగనని ఒప్పేసుకున్నట్టే."

"అలా కాదు ఆంటీ..."

"అలగే. నీ కాయితం ఎక్కడుంది, ఇలా తే."

వకాలత్ కాగితం మీద ఆమె వంగి సంతకం పెట్టింది. పెన్ను కాగితాన్ని చింపుతుందేమో అన్నంత గట్టిగా నొక్కింది. గంగాలమ్మ అన్న అక్షరాలు కింద ఉన్న మరో రెండు కాగితాల మీద కూడా అచ్చులా పడ్డాయి.